కింద షాపులు, పైన ఫ్లాట్లు: గోడకు ఏ ఇటుక మేలు?

విజయవాడలో కింద షాపులు, పైన నాలుగైదు అంతస్తుల ఫ్లాట్లు కట్టేటప్పుడు పర్యావరణం అనగానే సోలార్ ప్యానెళ్ల మీదికి మాట మళ్లుతుంది. ప్యానెళ్లు ఎప్పుడైనా బిగించుకోవచ్చు. పడమటి గోడ ఒక్కసారే కడతాం. అందుకే ఇటుక సంగతి ముందు తేల్చుకోవాలి. మా మాట ముందే చెబుతున్నాం: బిల్డింగంతా ఒకే రకం వాడొద్దు.

ఎర్ర ఇటుక గట్టిదే, మేస్త్రీల చేతికి అలవాటైనదే. కానీ అది పొలం పైమట్టి తీసి బట్టీలో కాల్చేది. కృష్ణా డెల్టాలో ఆ మట్టి పైరుకు కావాలి. సైజులు కూడా సమంగా ఉండవు, ప్లాస్టరింగ్ మందం పెరిగిపోతుంది. కొత్త కాంప్లెక్సుకు దీన్ని పక్కన పెట్టేయొచ్చు.

అసలు పోటీ బొగ్గు బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుకకూ, లోపలంతా సన్నటి గాలి బుడగలుండే తేలికైన సిమెంటు దిమ్మ, అంటే ఏఏసీ బ్లాకుకూ మధ్యే. ఫ్లై యాష్‌కు ముడిసరుకు ఊరి పక్కనే ఉంది: ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ బూడిద. బట్టీ అక్కర్లేదు. అయితే ఈ ఇటుక గోడ చల్లగా ఉంటుందని చాలామంది నమ్ముతారు, అది పొరపాటు. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన 9 అంగుళాల గోడకు, ఎర్ర ఇటుకైనా ఫ్లై యాష్ అయినా, వేడిని లోపలికి ఎంత పంపుతుందో చెప్పే యూ-విలువ 2 చుట్టూ ఉంటుంది. ఇది ఎంత తక్కువైతే గోడ అంత చల్లన. 8 అంగుళాల ఏఏసీ గోడకు అది 0.8 చుట్టూ. రోహిణి కార్తెలో సాయంత్రం దాకా ఎండ కాసిన ఇటుక గోడకు రాత్రి పదింటికి లోపలి వైపు అరచెయ్యి ఆనించి చూడండి, ఇంకా వెచ్చగానే ఉంటుంది. పడకగదిలో ఏసీ ఆగకుండా తిరిగేది ఆ వేడికే. ఇళ్ల గోడలు, కిటికీల గుండా వచ్చే వేడికి, ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 పెట్టిన హద్దు చదరపు మీటరుకు 15 వాట్లు. ఆ హద్దు దాటకుండా ఉండటానికి ఏఏసీ గోడ సాయపడుతుంది. పడమర వైపు నీడ లేని పెద్ద అద్దాలు పెడితే మాత్రం ఏ బ్లాకూ ఆదుకోదు.

బరువులోనూ ఏఏసీదే పైచేయి. ప్లాస్టరింగ్ కాకుండా చదరపు అడుగు గోడ 12 కిలోల చుట్టూ తూగుతుంది, 9 అంగుళాల ఇటుక గోడ 38 కిలోల దాకా. 2016 నాటి భూకంప కోడ్ విజయవాడను ఓ మోస్తరు ముప్పుండే జోన్ 3లో చూపింది కాబట్టి గోడ బరువు తగ్గడం కాలమ్‌లకూ పునాదికీ మంచిదే.

అందుకే పై ఫ్లాట్ల బయటి గోడలకు ఏఏసీ. మరి కింద షాపులకు? అక్కడ ఏఏసీ వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు నగరంలోని సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నిలిచాయి. ఏఏసీ నీళ్లు బాగా పీల్చుకుంటుంది, ఆరడానికి చాలా కాలం పడుతుంది. పైగా షాపుల్లో షట్టర్ ఫ్రేములు, బరువైన ర్యాకులు, బయట ఏసీ యూనిట్లు అన్నీ గోడకే బిగిస్తారు. మామూలు బోల్టు ఏఏసీలో వదులైపోతుంది. కింది అంతస్తుకు, బాత్రూములకు ఫ్లై యాష్ కట్టండి. ఫ్లాటుకూ ఫ్లాటుకూ మధ్య గోడ కూడా 9 అంగుళాల ఫ్లై యాషే మేలు. పక్కింటి టీవీ చప్పుడును ఆపేది బరువైన గోడే, 4 అంగుళాల ఏఏసీ కాదు.

ఫ్లై యాష్ లోడు దిగగానే నాలుగైదు ఇటుకలు పరీక్షించండి. రెండింటిని తాకిస్తే ఖణేల్ మనాలి. మేకుతో గీస్తే లోతుగా గాడి పడకూడదు. తూచి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూస్తే పెరిగిన బరువు 20 శాతం దాటకూడదు. యార్డులో నీళ్లు సరిగా కొట్టని పచ్చి ఇటుక గోడలో పెట్టాక కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది.

ఏఏసీ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పగుళ్లవే, వాటిలో చాలావరకు పనితనం లోపమే. ఫ్యాక్టరీ నుంచి తడితో వచ్చిన బ్లాకును వెంటనే కట్టేయడం మొదటి తప్పు. కింద చెక్కలేసి పేర్చి, వాన తగలకుండా కప్పి ఆరనివ్వాలి. ఇటుకల్లా తొట్టిలో నానబెట్టకూడదు, పైన తడి చేస్తే చాలు. జాయింటుకు ఇసుక సిమెంటు మందంగా వేయకుండా బస్తాల్లో రెడీగా దొరికే జిగురులాంటి బ్లాక్ జాయింటింగ్ మోర్టార్ 3 మిల్లీమీటర్లు పట్టించాలి. గోడను బీముకు బిగించి కట్టేయకండి. పైన వేలు మందం సందు వదిలి, పై అంతస్తుల పని అయ్యాక పూడ్చండి. కాలమ్, గోడ కలిసే చోట అడుగు వెడల్పు మెష్ (వల) కొట్టాకే ప్లాస్టరింగ్ మొదలుపెట్టాలి. సిమెంటు, ఇసుక పాళ్లు 1:6. గట్టిగా ఉంటుందని 1:4 కలిపితే మెత్తటి బ్లాకు మీద ఆ పొర బిగుసుకుని వెంట్రుకవాసి పగుళ్లు దేలుతుంది. కరెంటు పైపులకు గాడి మెషిన్‌తోనే కోయించండి, ఉలి దెబ్బకు బ్లాకు అవతలి వైపు విచ్చుకుంటుంది.

రేటు అడిగేటప్పుడు ఇటుక లెక్కన కాదు, 100 చదరపు అడుగుల గోడ లెక్కన అడగండి. 9 అంగుళాల ఫ్లై యాష్ గోడకు 9×4×3 ఇటుకలు సుమారు 950, సిమెంటు 3 బస్తాలు, ఇసుక 20 ఘనపుటడుగులు పడతాయి. 8 అంగుళాల ఏఏసీ గోడకు రెండడుగుల బ్లాకులు 76. దీనికి జాయింటింగ్ మోర్టార్ బస్తాలు, మెష్, విరిగిపోయే బ్లాకులు కలిపి చూస్తేనే సరైన పోలిక.