జాంగో క్లాస్ వ్యూలకు ఇన్‌హెరిటెన్స్ డయాగ్రమ్‌లు: చాలాకాలం వాడాక

పైథాన్ ప్రాజెక్టులకి డాక్యుమెంటేషన్ తయారుచేసే స్ఫింక్స్‌కి ఇన్‌హెరిటెన్స్ డయాగ్రమ్ (ఏ క్లాసు దేని నుంచి వచ్చిందో చూపే బొమ్మ) ఎక్స్‌టెన్షన్ తగిలించి, మెషీన్‌లో బొమ్మలు గీసే గ్రాఫ్‌విజ్ ఉంచితే క్లాసుల బొమ్మలు వాటంతటవే వచ్చేస్తాయి. ఏళ్ల తరబడి వాడినా ఆ సదుపాయం మీద ఇష్టం తగ్గలేదు. ఒక్క లోటు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఏ క్లాసుకు ఏది పేరెంటో బొమ్మ చెబుతుంది, మెథడ్ కోసం పైథాన్ ఏ వరుసలో వెతుకుతుందో చెప్పదు. మిక్సిన్ల (వేరే క్లాసులకి కొంత పనిని జోడించే చిన్న క్లాసులు) మీద నడిచే జాంగో లాంటి వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో చదివేవాళ్లకి ముందు కావలసింది ఆ వరుసే.

ఉన్న రికార్డుని మార్చే పేజీకి జాంగో ఇచ్చే అప్‌డేట్‌వ్యూనే చూడండి. అన్ని క్లాసులకీ మూలమైన ఆబ్జెక్ట్‌ని వదిలేస్తే దాని ఎంఆర్‌ఓలో (పైథాన్ మెథడ్ కోసం వెతికే ఆ వరుసలో), దానితో కలిపి, 10 క్లాసులు. ఫారమ్‌మిక్సిన్, సింగిల్‌ఆబ్జెక్ట్‌మిక్సిన్ రెండిటికీ పేరెంట్ కాంటెక్స్ట్‌మిక్సినే. బొమ్మ చూసినవాళ్లు, ఫారమ్‌మిక్సిన్‌లోని గెట్_కాంటెక్స్ట్_డేటా (టెంప్లేట్‌కి డేటా సమకూర్చే మెథడ్) సూపర్ అని తర్వాతి క్లాసుని పిలవగానే పిలుపు నేరుగా కాంటెక్స్ట్‌మిక్సిన్‌కి పోతుందనుకుంటారు. అది ముందు వెళ్లేది సింగిల్‌ఆబ్జెక్ట్‌మిక్సిన్‌కి. టెంప్లేట్‌లో ఫారమ్‌తో పాటు ఆబ్జెక్ట్ (మార్చబోయే రికార్డు) కూడా దొరకడానికి కారణం అదే. ఆ రెండు పెట్టెల మధ్య బొమ్మలో గీతే ఉండదు!

కొంప మునిగేది లాగిన్ తనిఖీ దగ్గర. క్లాస్ లైన్‌లో లిస్ట్‌వ్యూ ముందు, లాగిన్‌రిక్వైర్డ్‌మిక్సిన్ తర్వాత రాశారనుకోండి. బొమ్మలో రెండు పేరెంట్లూ కనిపిస్తాయి, రివ్యూ చేసేవాళ్లు లాగిన్ ఉందిలే అని దాటిపోతారు. ఎర్రర్ రాదు. లాగిన్ కానివాళ్లకి కూడా పేజీ తెరుచుకుంటుంది. ఎందుకంటే వరుసలో లిస్ట్‌వ్యూకి మూలమైన వ్యూ క్లాసు ముందొస్తుంది, రిక్వెస్ట్‌ని అందుకునే దాని డిస్పాచ్ మెథడ్ సూపర్‌ని పిలవదు, మిక్సిన్‌లోని డిస్పాచ్ దాకా పని చేరనే చేరదు. మిక్సిన్‌ని ఎడమ చివర రాయాలని జాంగో డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. బొమ్మలోని ఎడమకుడులను మాత్రం నమ్మకండి. గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటడం తగ్గేలా గ్రాఫ్‌విజ్ పెట్టెల్ని తనకు తోచినట్టు సర్దుతుంది. లాగిన్ లేని టెస్ట్ క్లయింట్‌తో ఒక గెట్ రిక్వెస్ట్ పంపి 302 (లాగిన్ పేజీకి మళ్లింపు) వస్తోందో లేదో చూసుకుంటే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది.

ఈ లోటుకి నాకు పనికొచ్చిన మందు: గ్రాఫ్‌విజ్‌కి ఇచ్చే డాట్ ఫైల్‌ని చిన్న స్క్రిప్ట్‌తో మనమే తయారు చేసుకోవడం. క్లాసు ఎంఆర్‌ఓని వరుసగా తిరుగుతూ ప్రతి పెట్టెలో పేరు ముందు 1, 2, 3 అని అంకె వేయాలి. పేరెంట్ గీతలు మామూలుగా ఉంచి, వరుసలో ఒక పెట్టె నుంచి తర్వాతి పెట్టెకి చుక్కల గీత గీయాలి. ఆ చుక్కల గీతలకు కన్‌స్ట్రెయింట్‌ని (పెట్టెల అంతస్తుల్ని ఈ గీత నిర్ణయించాలా అనే సెట్టింగ్) ఫాల్స్ చేయడం మరిచిపోతే బొమ్మ మొత్తం నిలువుగా సాగిపోతుంది. ఇంకో మెట్టు: డిస్పాచ్ లాంటి ఒక్క మెథడ్ తీసుకుని, దాన్ని సొంతంగా రాసుకున్న క్లాసులకే రంగు వేయండి. ఇక్కడ ఆ పేరు ఉందా అని అడిగే హ్యాజ్‌అట్ర్ ఫంక్షన్ వాడితే వ్యూ కింద పుట్టిన ప్రతి పెట్టెకీ రంగు పడిపోతుంది, వారసత్వంగా వచ్చిందీ దానికి ఉన్నట్టే లెక్క. క్లాసు సొంత డిక్ట్‌లో (ఆ క్లాసులోనే రాసినవాటి పట్టిక) ఆ పేరు ఉందా అని చూడాలి.

వాటంతటవే వచ్చేస్తాయి అన్నాను గానీ, అందులో కొంత షరతు ఉంది. ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్‌ని నిజంగా ఇంపోర్ట్ చేస్తుంది. మోడల్స్‌ని (డేటాబేస్ పట్టికలకు ప్రతినిధులైన క్లాసులు) తాకే వ్యూలైతే స్ఫింక్స్ కాన్ఫ్ ఫైల్‌లో సెట్టింగ్స్ మాడ్యూల్ పేరిచ్చి జాంగో సెటప్ పిలవాలి, లేకపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది. పేర్లు మరీ పొడవైతే ఎక్స్‌టెన్షన్‌లోని పార్ట్స్ ఆప్షన్‌కి 1 ఇవ్వండి. ఇంత బాధెందుకని చేత్తో గీసి పెట్టుకుంటే అది పాతబడుతుంది. జాంగో 4.0లో డిలీట్‌వ్యూ వరుసలోకి ఫారమ్‌మిక్సిన్ వచ్చి చేరింది. పోస్ట్ రిక్వెస్ట్ వచ్చినప్పుడు ఇక డిలీట్ మెథడ్ నడవదు, అందులో రాసుకున్న అదనపు పనిని ఫారమ్_వ్యాలిడ్‌లోకి మార్చాలి. అంతకుముందు గీసిన బొమ్మ చూసి కోడ్ రాసేవాళ్లకి ఆ సంగతి తెలిసే దారి లేదు.

మిక్సిన్లు ఆరేడు దాటి, కొత్తవాళ్లు తరచూ చేరే కోడ్‌బేస్‌లో ఈ అంకెల బొమ్మ శ్రమకి తగ్గ ఫలం ఇస్తుంది, నేను వాడేది అలాంటి చోటే. ఫంక్షన్ వ్యూలే ఎక్కువున్నా, ఒక్క టెంప్లేట్‌వ్యూతో సరిపోయినా స్క్రిప్ట్ దాకా పోనక్కర్లేదు, డాక్‌స్ట్రింగ్‌లో (కోడ్‌లోనే రాసే వివరణ) ఎంఆర్‌ఓని నాలుగు లైన్లలో రాసిపెడితే చాలు.