పాత డౌన్‌హిల్ సైకిల్ మార్చాను, మోకాలు హ్యాండిల్‌కు తగలడం ఆగింది

ఆరేళ్లు ఒకే సైకిల్ మీద కొండలు దిగాను. 26 అంగుళాల చక్రాలు, ముందూ వెనకా 200 మిల్లీమీటర్లు కుంగే సస్పెన్షన్, డబుల్ క్రౌన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే కాళ్లు పైనా కిందా రెండు చోట్ల బిగించి ఉంటాయి), బరువు పద్దెనిమిదిన్నర కిలోలు, సైజు మీడియం. నా ఎత్తు 183 సెంటీమీటర్లు. సెకండ్ హ్యాండ్‌లో అమ్మినవాళ్లు నన్ను సీటు మీద కూర్చోబెట్టి, పెడల్ కిందికి తిప్పి కాలు చాపమని, "సీటు కొంచెం పైకి లేపితే చాలు సార్, సరిపోతుంది" అన్నారు. నమ్మి తీసుకున్నాను. ఆ మాట ఎంత తప్పో అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

డౌన్‌హిల్‌లో సీటు మీద కూర్చునేది ఎవరు? దిగినంతసేపూ నిలబడే ఉంటాం, రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, మోచేతులు బయటికి తెరిచి. అలా నిలబడ్డాక లెక్కలోకి వచ్చేవి రెండే, కాళ్లు ఉన్న చోటు, చేతులు ఉన్న చోటు. ఈ రెంటి మధ్య ఎంత ఎడం ఉందో చెప్పే కొలతను రీచ్ అంటారు. పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి నిటారుగా పైకి ఒక గీత ఊహించుకోండి, ఆ గీత నుంచి హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందు భాగంలో ఫోర్క్ గొట్టం దూరే గొట్టం) పైఅంచు మధ్యకు అడ్డంగా ఉన్న దూరమే రీచ్. సీటు ఎంత పైకి లేపినా, ఎంత వెనక్కి జరిపినా ఇది ఒక్క మిల్లీమీటర్ కూడా మారదు. నా పాత సైకిల్‌ది 395 మిల్లీమీటర్లు. అప్పటి డౌన్‌హిల్ సైకిళ్లన్నీ ఇప్పటివాటితో పోలిస్తే పొట్టిగానే ఉండేవి, నాది అందులోనూ ఒక సైజు తక్కువ.

దీనివల్ల ఏమవుతుందంటే, నిటారు దిగుడులో ఛాతీ సరిగ్గా హ్యాండిల్ పైకి వచ్చేస్తుంది, ముందు చక్రం ఒక రాయి దగ్గర ఆగిందంటే మనిషి ఎగిరి ముందుకు పడతాడు. ఆ భయంతో నడుము వెనక్కి లాగి దాదాపు వెనక టైర్ మీదకు జారిపోయేవాణ్ని, అప్పుడు ముందు చక్రం మీద బరువు లేక మలుపులో అదే జారిపోయేది. బెంగళూరు దగ్గరి ఆవలహళ్లిలో ఎర్రమట్టి మీద పరుచుకున్న గులకరాళ్లు తెలిసినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. (యలహంక అవతలి ఆవలహళ్లి అని స్పష్టంగా చెప్పండి, లేకపోతే పికప్ బండివాళ్లు పాత మద్రాసు రోడ్డు మీది ఆవలహళ్లికి తీసుకెళ్లిపోతారు, నాకు ఒక ఆదివారం ఉదయం మొత్తం అలాగే పోయింది.) ఎడమ మలుపు తిరిగిన ప్రతిసారీ మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకునేది. నా తప్పే అనుకుని, నిలబడే పద్ధతి మార్చుకోవాలని వీడియోలు చూశాను, ప్రాక్టీస్ చేశాను. మోకాలి పైన ఆ నల్లమచ్చ మాత్రం పోలేదు.

మధ్యలో పొడవైన స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్ గొట్టానికి కలిపే ముక్క) వేసి చూశాను. దయచేసి ఆ పని చేయకండి. స్టెమ్ పొడుగైతే చేతులు ముందుకు వెళతాయి కానీ చక్రాలు ఉన్న చోటే ఉంటాయి, కాబట్టి శరీరం బరువు ముందు ఇరుసు మీదకు ఇంకా ఎక్కువ పడుతుంది, పైగా హ్యాండిల్ తిరగడం బద్ధకంగా అవుతుంది. రెండు వారాల్లో తీసేశాను.

పాత ఫ్రేమ్‌కు డబ్బు పెట్టి కొత్త భాగాలు వేద్దామన్నా దారులు మూసుకుపోయాయి. 26 అంగుళాల రిమ్ మీద టైర్ కూర్చునే వ్యాసం 559 మిల్లీమీటర్లు, 27.5కి 584, 29కి 622, ఒకదాని టైర్ ఇంకోదానికి ఎక్కదు. మంచి 26 టైర్లు దొరకడం కష్టమైపోయింది. హెడ్ ట్యూబ్ పైనుంచి కిందికి ఒకే లావు ఉన్న పాత రకం, ఇప్పుడొచ్చే ఫోర్కుల గొట్టం చాలావరకు కింద లావుగా ఉండే టేపర్ రకం. వెనక హబ్ (చక్రం మధ్య భాగం) వెడల్పు 150 మిల్లీమీటర్లు, అదీ పాతబడిన కొలతే.

ఇక షాపు సంగతి. జయనగర్ లోపలి వీధిలో ఇద్దరే నడిపే చిన్న షాపు. తమ దగ్గర సైకిల్ నిలబెట్టి బాగుచేసే స్టాండ్లు రెండే ఉన్నాయని, ఒకేసారి ఎక్కువమంది వస్తే పని చెడుతుందని, పేరు పెట్టొద్దని అక్కడి మెకానిక్కే అడిగాడు కాబట్టి పెట్టడం లేదు. మెకానిక్ ముళబాగిలు వైపు మనిషి, కోలారు తెలుగు మాట్లాడతాడు, నాకంటే పదేళ్లు పెద్ద. నేను లోపలికి వెళ్లి అలవాటు కొద్దీ సీటు మీద కూర్చోబోతుంటే "కూర్చోవద్దు సార్, ప్యాడ్లు కట్టుకుని పెడళ్ల మీద నిలబడండి, నేను పట్టుకుంటాను" అన్నాడు. నిలబెట్టి, మోకాళ్లు వంచమని, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పమని, మోకాలికీ హ్యాండిల్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో పక్క నుంచి చూశాడు. ఆరేళ్లలో నన్ను అలా నిలబెట్టి చూసిన మొదటి మనిషి. "అన్నా, ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే" అన్నాను, మనసులో నిజంగా బాధేసింది.

పాత సైకిల్ రీచ్ నా ముందే కొలిచి చూపించాడు, ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. చదునైన నేల మీద వెనక చక్రాన్ని గోడకు ఆనించి సైకిల్ నిటారుగా పట్టుకోవాలి. గోడ నుంచి పెడళ్ల ఇరుసు మధ్యకు దూరం, గోడ నుంచి హెడ్ ట్యూబ్ పైఅంచు మధ్యకు దూరం, రెండూ నేలకు సమాంతరంగా కొలిచి పెద్దదానిలోంచి చిన్నది తీసేయాలి. పైనుంచి ఒక నట్టు కట్టిన దారం వేలాడదీస్తే కొలత తప్పదు. కొనబోయే సైకిల్ కొలతలు కంపెనీ సైట్‌లో ఉంటాయి, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తేడా కళ్ల ముందు ఉంటుంది.

నేను తీసుకున్నది పూర్తి డౌన్‌హిల్ సైకిల్ కాదు, 170 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉన్న ఎండ్యూరో (ఎక్కడానికీ దిగడానికీ రెంటికీ పనికొచ్చే రకం), లార్జ్, రీచ్ 470, చక్రాలు 29, బరువు 15.8 కిలోలు, ఇదీ సెకండ్ హ్యాండే. బ్రాండ్ రాయడం లేదు, ఎందుకంటే నాకు తేడా వచ్చింది బ్రాండ్ వల్ల కాదు, కొలత వల్ల. 200 వదిలేయడానికి కారణం మన ఊరే. విదేశాల్లోలాగా సైకిల్‌ను పైకి చేర్చే లిఫ్టులు బెంగళూరు చుట్టుపక్కల లేవు, ఎంత దిగాలంటే అంత మనమే ఎక్కాలి. పాతదానికి ముందు 36 పళ్లు, వెనక అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం 25, అంటే అతి తేలిక గేర్‌లో కూడా పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు ఒకటిన్నర చుట్లు తిరగాలి, ఎత్తులో అది తొక్కలేం, దిగి తోసుకుంటూ పోవడమే. కొత్తదానికి ముందు 32, వెనక 52, ఒక చుట్టుకు చక్రం తిరిగేది 0.6 చుట్టు. ఇదివరకు ఉదయం మూడుసార్లు దిగేసరికి కాళ్లు అయిపోయేవి, ఇప్పుడు ఆరేడుసార్లు దిగుతున్నాను.

షాపులో నాకు బాగా నచ్చింది స్ప్రింగ్ విషయం. కొత్తదాని వెనక షాక్‌కు, అంటే కుదుపు మింగే భాగానికి, కాయిల్ స్ప్రింగ్ ఉంది, పాత ఓనర్ బరువుకు తగ్గట్టు 400 పౌండ్లది, అంటే ఒక అంగుళం నొక్కడానికి 400 పౌండ్ల బరువు కావాలి. నేను 84 కిలోలు, హెల్మెట్, ప్యాడ్లు, నీళ్లతో 90. నిలబెట్టి కొలిస్తే షాక్ 22 మిల్లీమీటర్లు దిగింది. షాక్ మొత్తం ప్రయాణం 65, దాదాపు 30 శాతం, అంటే 19 లేదా 20 మిల్లీమీటర్లు దిగితే సరి. నేనైతే రెండు మిల్లీమీటర్లే కదా అని వదిలేసేవాణ్ని. ఆయన వదల్లేదు, 450 స్ప్రింగ్ తెప్పించి వేశాడు, 19 వచ్చింది. వెనక భాగం ఎక్కువ కుంగితే హ్యాండిల్ పైకి లేచి ముందు చక్రం మీద బరువు తగ్గుతుందని, అంత కష్టపడి సరైన సైజు తీసుకున్నది ఇక్కడ పోగొట్టుకోవద్దని చెప్పాడు. పాతదానిలో 350 స్ప్రింగ్‌తో ఎన్నేళ్లు తిరిగానో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

మొదటి ఆదివారం నీలగిరి చెట్ల మధ్య అదే దిగుడు, అదే ఎడమ మలుపు. నడుము వెనక్కి లాగకుండా సైకిల్ మధ్యలో నిలబడ్డాను, మోచేతులకు చోటు దొరికింది, ముందు టైర్ మట్టిని పట్టుకుని తిరిగింది. కింద ఆగి మోకాలు తడిమి చూసుకున్నాను. ఎక్కడా తగల్లేదు. చాలా ఏళ్ల తర్వాత కిందికి చేరాక చేతులు వణకలేదు.

లోపాలు కూడా చెప్పాలి. సైకిల్ పొడవు పెరిగింది, రెండు చెట్ల మధ్య ఇరుకు మలుపులో ఏ దారిన వెళ్లాలో ముందే ఎంచుకుని వెడల్పుగా తిప్పాలి, పాతది అక్కడ చటుక్కున తిరిగేది. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు, వెనక చక్రం మీద నిలబెట్టాల్సి వస్తోంది. షాపువాళ్లు నాలుగు రోజులన్నారు, పదకొండు రోజులు తీసుకున్నారు, ఫోన్ చేస్తే తప్ప ఎందుకు ఆలస్యమో చెప్పలేదు, అది బాగాలేదు. ట్యూబ్ లేని టైర్ కోసం రిమ్‌కు వేసే టేప్ సరిగా అంటక వెనక టైర్ రెండో రోజుకే గాలి దిగింది, మళ్లీ తీసుకెళితే డబ్బు అడగకుండా వేసిచ్చారు. సైకిల్‌కు లక్షా అరవై అయిదు వేలు, స్ప్రింగ్, బ్రేక్ ప్యాడ్లు, సర్వీసు కలిపి ఇంకో పద్నాలుగు వేలు. తక్కువ మొత్తం కాదు, ఏడాదిన్నర కూడబెట్టాను.

పాతది 38 వేలకు అమ్మాను. కొన్నది అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, బరువు అరవై. 26 టైర్లు దొరకడం కష్టమని, ఎత్తు ఎక్కడం కుదరదని ముందే చెప్పాను, దిగడమే నాకు కావాలి అన్నా అన్నాడు. డబ్బు తీసుకునే ముందు మా పార్కింగ్‌లో అతన్ని పెడళ్ల మీద నిలబెట్టి నేనే పట్టుకుని చూశాను. మోకాలికీ హ్యాండిల్‌కీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంది, ఆ 350 స్ప్రింగ్ అతనికి సరిగ్గా కుదిరింది. పోయిన ఆదివారం అదే ఎడమ మలుపులో నా ముందు దిగాడు, ఎక్కడా నడుము వెనక్కి లాగలేదు.