రిపేర్‌కి వెళ్తే రూల్స్ క్లాస్ దొరికింది: 4/5

టొరంటో దగ్గర ఒక గన్ షాప్ ఇది. నా 9 ఎంఎం పిస్టల్ ట్రిగ్గర్ పట్టేస్తుంటే రిపేర్‌కి తీసుకెళ్లాను, అది కూడా ముందు చీఫ్ ఫైర్‌ఆర్మ్స్ ఆఫీసర్ (తుపాకీ లైసెన్సులు, అనుమతులు చూసే అధికారి) అనుమతి తెప్పించుకుని, ట్రిగ్గర్‌కి ఒక తాళం, పెట్టెకి ఇంకో తాళం వేసుకుని. పని శుభ్రంగా చేశారు, రేటు కూడా పర్లేదు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఈ పిస్టల్‌ని మా అబ్బాయి పేరు మీదకి మార్చొచ్చా అని ఫోన్‌లో అడిగితే "ఏం ఫర్లేదు, లైసెన్స్ ఉంటే చాలు" అన్నారు. అది తప్పు! కౌంటర్ దగ్గరున్న పెద్దాయన ఓపిగ్గా విడమర్చి చెప్పాడు: 2022 అక్టోబర్ 21 నుంచి కెనడాలో హ్యాండ్‌గన్‌లకి (పిస్టల్ లాంటి చిన్న తుపాకులకి) ఫ్రీజ్, అంటే కొనడం, అమ్మడం, పేరు మార్చడం ఆపేశారు, తర్వాత 2023 డిసెంబర్‌లో సీ-21 చట్టంతో అది ఇంకా గట్టిపడింది. అప్పటికే మన పేరు మీద రిజిస్టర్ అయి ఉంటే ఉంచుకోవచ్చు, షూటింగ్ రేంజ్‌లో కాల్చుకోవచ్చు, కానీ మామూలు వ్యక్తులకి అమ్మడం, ఇవ్వడం కుదరదు, ఒలింపిక్ షూటర్ల లాంటి కొద్దిమందికే మినహాయింపు. అంటే ఈ పాత హక్కు తుపాకీది కాదు, నాది, నాతోనే పోతుంది. మా వాడికి లైసెన్స్ ఉన్నా వారసత్వంగా రాదట.

ఒకప్పుడు పిస్టళ్లతో నిండుగా ఉండే అద్దాల బల్లలో ఇప్పుడు క్లీనింగ్ బ్రష్‌లు, నూనె సీసాలు పెట్టారు. శనివారం మాత్రం వెళ్లకండి, పార్కింగ్ దొరకదు.