ఎంఐ-17 మేలా, ధ్రువ్ మేలా? బస్తర్ అడవి వరకే చూస్తే

ఛత్తీస్‌గఢ్, తెలంగాణ సరిహద్దులోని కర్రెగుట్టల్లో మావోయిస్టుల మీద ఆపరేషన్ జరిగినప్పటి నుంచి ఇదే ప్రశ్న వెంటాడుతోంది. అడిగేవాళ్ళు మారుతున్నారు కానీ ప్రశ్న మారడం లేదు: మావోయిస్టు ఏరియాలో జవాన్లని దించాలన్నా, గాయపడినవాళ్ళని తీసుకురావాలన్నా ఎప్పుడూ ఆ రష్యా ఎంఐ-17 హెలికాప్టర్లేనా, మన దేశంలోనే తయారైన ధ్రువ్ ఉంది కదా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా. సియాచిన్, లద్దాఖ్, సముద్రం మీద గస్తీ, ఇవేవీ ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు. ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, ములుగు నుంచి అల్లూరి జిల్లా దాకా ఉన్న మన ఏజెన్సీ, అంతవరకే.

ముందు అంకెలు ఒకసారి చూసి పక్కన పెట్టేద్దాం. ఎంఐ-17లో కొత్త రకమైన వీ5 గరిష్ఠంగా 13 టన్నుల బరువుతో లేస్తుంది, రోటర్ (పైన తిరిగే రెక్కలు) వ్యాసం 21 మీటర్లు దాటుతుంది, కాగితం మీద 36 మంది జవాన్లు. ధ్రువ్ బరువు అందులో సగం కంటే తక్కువ, రోటర్ 13 మీటర్ల చిల్లర, 12 నుంచి 14 మంది. వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. లారీనీ జీపునీ పోలుస్తావేంటి అంటారేమో, అనండి, కానీ క్యాంపు నుంచి "ఇద్దరికి మందుపాతర తగిలింది" అని వైర్‌లెస్‌లో కబురొచ్చినప్పుడు దగ్గర్లో ఏది ఉంటే అదే లేస్తుంది. బీఎస్ఎఫ్ ఎయిర్ వింగ్ దగ్గర రెండు రకాలూ ఉన్నాయి, వాయుసేన దగ్గరా ఉన్నాయి. కాబట్టి పోలిక తప్పదు.

ఇక అసలు విషయం. చాలామంది ఎంతమంది ఎక్కుతారు, ఎంత దూరం వెళ్తుంది అని చూస్తారు. నేను చూసేది ఒక్కటే, పని అయ్యేలోపు అది ఎన్నిసార్లు నేల మీదికి దిగాలి అని. హెలికాప్టర్ ఎత్తులో వెళ్తున్నంతసేపూ అడవిలోంచి పేలే తుపాకీ దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. ప్రమాదమంతా దిగేటప్పుడూ లేచేటప్పుడూ, ఆ చివరి కొద్ది వందల మీటర్లలో ఉంటుంది. ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2008 నవంబర్ 14న బీజాపూర్ జిల్లాలో పోలింగ్ సిబ్బందిని తీసుకొని లేస్తున్న ఎంఐ-8 (ఎంఐ-17కి ముందు తరం) మీద కాల్పులు జరిగితే వాయుసేన ఫ్లైట్ ఇంజినీరు ఒకరు చనిపోయారు. 2013 జనవరి 18న సుక్మా జిల్లాలో గాయపడినవాళ్ళ కోసం వెళ్ళిన ఎంఐ-17కీ కిందికి వచ్చాకే బుల్లెట్లు తగిలాయి, క్యాంపు దాకా వెళ్ళలేక అడవిలోనే దిగిపోయింది. గాయపడిన పోలీసు వైర్‌లెస్ ఆపరేటర్‌ని అందులోనే వదిలి సిబ్బంది క్యాంపుకి వెళ్ళిపోయారని అప్పట్లో పెద్ద గొడవైంది, గుర్తుందా? మొదటి ఘటన తర్వాతే, 2009లో, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరిపే అనుమతి వాయుసేనకి వచ్చింది.

ఇప్పుడు లెక్క వేయండి. ఇరవై మందిని ఒక గుట్ట మీద దించాలి. ఎంఐ-17 ఒక్కసారి దిగితే పని అయిపోతుంది. నిండా సామాను, నీళ్ళు, మందుగుండు మోసుకొచ్చే జవాన్లు కాబట్టి ధ్రువ్‌లో పది మందిని మించి ఎక్కించలేం, అంటే కనీసం రెండుసార్లు, ఎండ బాగా ఉంటే గాలి పలచబడి మోయగలిగే బరువు తగ్గుతుంది కాబట్టి మూడుసార్లు. మొదటిసారి దిగినప్పుడు అవతలివాళ్ళకి తెలియకపోవచ్చు, ఆ శబ్దం కొండలన్నీ విన్నాక రెండోసారి అదే ఖాళీ జాగాలో దిగడమంటే వస్తున్నామని ముందే చాటింపు వేయించినట్టే. వెనక ర్యాంప్ ఉండటం కూడా చిన్న విషయమేం కాదు. స్ట్రెచర్‌ని పక్క తలుపులోంచి వంచి తిప్పి ఎక్కించడానికీ, వెనక నుంచి నేరుగా నడిపించుకుంటూ తీసుకెళ్ళడానికీ తేడా ఉంటుంది, నేల మీద గడిపే ప్రతి నిమిషం లెక్కే. ధ్రువ్‌కి కూడా వెనక తలుపులు ఉన్నాయి, నిజమే, కానీ లోపల ఆ విశాలం ఏది?

ధ్రువ్ తరఫు వాదన ఒకటుంది, అది బలమైనదే. చిన్న రోటర్ కదా, చిన్న జాగా చాలు. ఎంఐ-17 దిగాలంటే దట్టమైన అడవిలో ఎన్నో చెట్లు కొట్టాలి, లేదంటే గాయపడిన మనిషిని దుప్పట్లో వేసుకొని కిలోమీటర్ల దూరం మోసుకుంటూ మైదానం దాకా రావాలి, ఆ దారిలో ఇంకో మందుపాతర ఉండదని గ్యారంటీ ఏమీ లేదు. ధ్రువ్ అయితే ఆ మనిషికి దగ్గరగా, అవతలివాళ్ళు ఊహించని చోట దిగొచ్చు. పైగా మందుపాతర పేలినప్పుడు చాలాసార్లు గాయపడేది ఒకరో ఇద్దరో. వాళ్ళ కోసం 13 టన్నులది రావడం ఒక్క పెళ్ళికొడుకు కోసం బస్సు మాట్లాడినట్టే. ఈ ఒక్క సందర్భంలో, ఒకరిద్దరు గాయపడి జాగా ఇరుగ్గా ఉన్నప్పుడు, నేను కూడా ధ్రువ్‌కే చేయెత్తుతాను. బీజాపూర్ నుంచి రాయ్‌పూర్‌కి రోడ్డు మీద 400 కిలోమీటర్ల పైమాటే, కాలు పోయిన మనిషిని అంతదూరం అంబులెన్సులో పంపడం అయ్యే పని కాదు.

మరి అలాంటప్పుడు మొత్తం మీద ఎంఐ-17 అని ఎందుకంటున్నావు? చెప్తా. కర్రెగుట్టల ఆపరేషన్ 2025 ఏప్రిల్ 21న మొదలై మే 11 దాకా సాగింది. 45 డిగ్రీల ఎండ, జవాన్లు వడదెబ్బకి పడిపోయారు, అక్కడ దొరికిన ఐఈడీలే (నాటుగా చేసి పాతిపెట్టే బాంబులు) 450 అని ప్రభుత్వం చెప్పింది, 18 మంది జవాన్లు ఐఈడీలకి గాయపడ్డారు. హెలికాప్టర్ అవసరం అంతకంటే ఎక్కువగా ఉండే రోజులు వేరే ఉండవు. అప్పుడు ధ్రువ్‌లు ఎక్కడున్నాయి? హ్యాంగర్లలో. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్ గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయాక మొత్తం ధ్రువ్‌లన్నిటినీ ఎగరకుండా ఆపేశారు. స్వాష్‌ప్లేట్ అనే భాగం దగ్గర తేడా వచ్చింది, అంటే రోటర్ రెక్కల వాలుని మార్చే చోట. అది పోతే పైలట్ చేతిలో కంట్రోల్ అనేదే ఉండదు కాబట్టి ఆపడం తప్పని నేననను, ఆపకపోయుంటే తిట్టేవాణ్ణి. ఆర్మీ, వాయుసేన ధ్రువ్‌లకి మళ్ళీ ఎగరడానికి ఓకే వచ్చింది మే మొదట్లో, అప్పటికి గుట్టల మీద పని చివరికి వచ్చేసింది. ఎంత మంచి హెలికాప్టరైనా కావలసిన నెలలో లేస్తుందో లేదో చెప్పలేకపోతే దాన్ని నమ్ముకొని నేను ప్లాన్ వేయను. ధ్రువ్ అంటే నాకు చాలా ఇష్టం, 1992లో మొదటిసారి ఎగిరిన దగ్గర్నుంచి మనవాళ్ళు దాన్ని ఎక్కడిదాకా తెచ్చారో తెలుసు, అయినా ఇంతే.

కూనూరు సంగతి ఎత్తుతారని తెలుసు. 2021 డిసెంబర్ 8న అక్కడ కూలి త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ ప్రాణాలు తీసిందీ ఎంఐ-17 వీ5యే. కానీ విచారణలో తేలింది మెషీన్ చెడిపోవడం కాదు. వాతావరణం ఒక్కసారిగా మారి మబ్బుల్లోకి వెళ్ళిపోవడం, దిక్కు తెలియక కొండకి తగలడం. ఆ మబ్బుల్లో ధ్రువ్ అయినా అంతే. ఎంఐ-17 మీద నాకున్న భయం వేరు, విడిభాగాలు. 2022 నుంచి రష్యా తన యుద్ధంలో తానుంది, మన దగ్గర వీ5లే 150 దాకా కొన్నాం. ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) చండీగఢ్‌లోని వాయుసేన రిపేర్ డిపోలో మనమే చేసుకుంటున్నాం కాబట్టి కొంత నయం.

రాత్రి సంగతి కూడా చూడాలి. మావోయిస్టు ప్రాంతాల్లో రాత్రిపూట దిగే వీలున్న హెలిప్యాడ్లు 68 కట్టామని కేంద్రం చెప్పుకుంది, రెండు హెలికాప్టర్లూ నైట్ విజన్ గాగుల్స్‌తో ఎగరగలవు, కాబట్టి ఇక్కడ మార్కులు సమానం.

మిగతా వాటి గురించి రెండేసి ముక్కలు. చేతక్, చీతా: ఒక్కటే ఇంజిన్, పాతకాలం డిజైన్, మేలో ఆ ఎండలో ఇద్దరిని ఎక్కించడమే గొప్ప. వద్దు.

హెరాన్ డ్రోన్: పోటీలో లేదు, అది కళ్ళు మాత్రమే. ఒకప్పుడు మన బేగంపేట నుంచే ఎగిరేవి, తర్వాత భిలాయ్‌కి మారాయి. ఆకులు దట్టంగా ఉంటే పైనుంచి మనిషిని పట్టడం ఎంత కష్టమో 2009 సెప్టెంబర్‌లో నల్లమలలో ముఖ్యమంత్రి హెలికాప్టర్ కోసం వెతికినప్పుడు రాష్ట్రమంతా చూసింది. సుఖోయ్ యుద్ధవిమానాలు కూడా వెతికాయి, చివరికి మర్నాడు ఉదయం శకలాలు కనిపించింది వాయుసేన హెలికాప్టర్‌కే.

రుద్ర, ప్రచండ్ లాంటి దాడి హెలికాప్టర్లు ఎందుకు పంపరు అని కూడా కొందరు ఉత్సాహంగా అడుగుతారు. సొంత జనం ఉండే చోట పైనుంచి బాంబులు వేయకూడదన్నది ప్రభుత్వం ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చిన మాట, డ్రోన్లతో వేశారని మావోయిస్టులు ఆరోపించినప్పుడల్లా పోలీసులు కాదనే అన్నారు. 1966 మార్చి 5న ఐజ్వాల్ మీద మన వాయుసేన యుద్ధవిమానాలు తూఫానీలు, హంటర్లు చేసిన దాడిని మిజోరంలో ఇప్పటికీ మర్చిపోలేదు. దాన్ని ఈ పోలికలోకి నేను తీసుకురాను.

ధ్రువ్ వరుసగా రెండు వేసవులు ఎక్కడా ఆగకుండా ఎగిరితే మళ్ళీ అడగండి, ఒకరిద్దరు గాయపడిన కేసుల వరకైనా అప్పుడు నా ఓటు దానికే.