పంతొమ్మిదేళ్ల గొంతు: క్వీన్ లతీఫా తొలి రికార్డు

అమెరికా ర్యాపర్, నటి క్వీన్ లతీఫా తొలి ఆల్బమ్ ‘ఆల్ హెయిల్ ది క్వీన్’ పోయిన నెల మా ఇంటికి వచ్చింది. 1989లో టామీ బాయ్ సంస్థ విడుదల చేసిన ఎల్పీ రికార్డు. ఇంటర్నెట్‌లో ఒకరి దగ్గర వాడినది కొన్నాను, ఇరవై ఎనిమిది డాలర్లు. ‘కొత్తదానిలా ఉంది’ అని రాశారు గానీ అట్ట మూలలు నలిగాయి, లోపలి కాగితపు సంచి ఒక పక్క ఊడింది. మొదటిసారి సూది పెట్టగానే కాగిన నూనెలో ఆవాలు పడ్డట్టు ఒకటే చిటపట. మెత్తటి బ్రష్షుతో దుమ్ము తీసి, రికార్డులు కడిగే ద్రావణంతో రెండుసార్లు తుడిచాక చాలావరకు తగ్గింది. ఒక పాట మొదట్లో ఉన్న గీత మాత్రం పోలేదు. ఇది ముందే చెప్పడం న్యాయం. ఇక రాసేదంతా దాదాపు మెచ్చుకోలే.

నేను ఆమెను మొదట నటిగానే చూశాను. 1998 చివర్లో న్యూజెర్సీలోని ఎడిసన్‌కు కాపురం వచ్చిన కొత్తలో, ‘లివింగ్ సింగిల్’ పాత భాగాలు టీవీలో వేస్తుండేవారు. బ్రూక్లిన్‌లో ఒకే ఇంట్లో ఉండే స్నేహితురాళ్ల కథ అది. అందులో ఆమె ఖదీజా జేమ్స్ అనే పత్రికా సంపాదకురాలు. ఇక్కడి ఇంగ్లిషు వేగం అందక నాకు సగం మాటలు జారిపోతున్న రోజులవి. ఆమె మాట మాత్రం ఒక్కటీ పోయేది కాదు. అంతకు ముందు ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో నాలుగేళ్లు క్యాజువల్ అనౌన్సరుగా పనిచేశాను. ‘వాక్యం తోక మింగకూడదమ్మా’ అని పెద్దవాళ్లు మాకు రోజూ చెప్పేవారు. చివరి అక్షరం దాకా ఊపిరి మిగుల్చుకోవాలి. ఖదీజా సరిగ్గా అదే చేసేది. ఈ విద్య ఈమెకు ఎక్కడ అబ్బిందా అనుకునేదాన్ని. పాతికేళ్లు దాటాక ఈ రికార్డులో జవాబు దొరికింది.

ఆమె అసలు పేరు డేనా ఓవెన్స్. 1970 మార్చి 18న మాకు ఉత్తరంగా ఉన్న న్యూవర్క్‌లో పుట్టింది. తండ్రి పోలీసు. తల్లి రీటా, ఇర్వింగ్టన్ ఊరి హైస్కూల్లో ఉపాధ్యాయిని. కూతురు చదివిందీ ఆ బడిలోనే. ఎనిమిదేళ్ల వయసులో అరబిక్ పేర్ల పుస్తకం తిరగేసి ‘లతీఫా’ అనే పేరు తనే ఎంచుకుంది. సుకుమారం, దయ అని ఆ మాటకు అర్థం. బడిలో నృత్య కార్యక్రమం కోసం మార్క్ ది 45 కింగ్ అనే స్థానిక డీజేను పిలిపించింది తల్లి రీటాయే. ఈస్ట్ ఆరెంజ్‌లో ఉన్న అతని ఇంటి నేలమాళిగలో పిల్లలంతా చేరి పాటలు కట్టేవారు. తర్వాత ఈ ఆల్బమ్‌లో ఎక్కువ పాటలకు బాణీ కట్టింది కూడా ఆ 45 కింగే.

మా అమ్మ కూడా నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లోనే టీచరు. ఇంట్లో ఒక గొంతు, తరగతిలో మరో గొంతు. వెనక బెంచీ దాకా వినపడాలి, కానీ అరవకూడదు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద ఇర్వింగ్టన్ బోర్డు దాటినప్పుడల్లా ఇప్పుడు నాకు రీటా ఓవెన్స్ గుర్తుకొస్తుంది. 2018లో ఆమె పోయింది. కూతురి గొంతులో ఆ తరగతి గది ఇంకా ఉందని నా నమ్మకం.

ఈ రికార్డు బయటికి వచ్చేనాటికి లతీఫా వయసు పంతొమ్మిది. మొదటి పాట ‘డాన్స్ ఫర్ మీ’ నుంచే గమనించండి, తాళం పరిగెడుతుంటుంది, ఆమె పరిగెత్తదు. ర్యాప్ అంటే ఊపిరి తీసుకోకుండా మాటలు గుమ్మరించడమే అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఇక్కడ ప్రతి పాదం చివర మాట తాళం మీద పడి కాసేపు నిలుస్తుంది. ఆ నిలకడలోనే ఒక మనిషి కనిపిస్తుంది. తల ఎత్తి నిలబడి, ఎదుటివాళ్లు చూపు తిప్పుకునే వరకు ఆగగల మనిషి. 1988లో తొలి సింగిల్‌గా, అంటే విడి పాటగా వచ్చిన ‘రాత్ ఆఫ్ మై మ్యాడ్‌నెస్’ కూడా ఇందులో ఉంది. దాని పల్లవిలో జమైకా రెగే యాస పట్టి, చరణాల్లో తిరిగి న్యూజెర్సీ మాటలోకి వస్తుంది. ఒకే పాటలో రెండు పాత్రలు. అప్పటికింకా ఆమె సినిమా కెమెరా ముందుకు రాలేదు.

కొన్నాళ్లు అదే పనిగా విన్న పాట ‘లేడీస్ ఫస్ట్’. లండన్ నుంచి వచ్చిన ర్యాపర్ మోనీ లవ్ ఇందులో తోడు. ఆమెదీ అదే వయసు. ఒకరి గొంతు బరువు, మరొకరిది చురుకు. ఒకరు వదిలిన చోట మరొకరు అందుకుంటారు. మా చిన్నప్పుడు రేడియోలో నాజర్ గారి బుర్రకథ వస్తే, కథకుడి మాట కింద పడకుండా వంతలు అందుకునే తీరు ఎలా ఉండేదో ఇక్కడ అదే వరస. తేడా ఏమిటంటే ఇద్దరూ కథకులే, ఇద్దరూ వంతలే. ఆడవాళ్లు ర్యాప్ రాయలేరన్న మాటకు ఈ పాట జవాబు. గొంతు పెంచకుండానే ఆ జవాబు చెప్పారు. దీని వీడియోలో దక్షిణాఫ్రికా వర్ణవివక్ష నాటి దృశ్యాలు పెట్టారు, పోరాడిన నల్లజాతి స్త్రీల చిత్రాలు చూపించారు.

‘ఈవిల్ దట్ మెన్ డూ’లో కేఆర్ఎస్ వన్ అనే ర్యాపర్ కట్టిన బాణీ పొడిగా, ఖాళీగా ఉంటుంది. పేదరికం, మత్తుమందు, నిలువ నీడ లేనివాళ్ల గురించిన పాటకు అదే తగింది. డాన్సు క్లబ్బుల్లో వాయించే హౌస్ సంగీతం మీద కట్టిన ‘కమ్ ఇన్‌టు మై హౌస్’కు మా అమ్మాయి వంటింట్లో గరిటె పట్టుకునే ఊగింది. ఇక డి లా సోల్ అనే ర్యాప్ బృందంతో చేసిన ‘మామా గేవ్ బర్త్ టు ది సోల్ చిల్డ్రన్’ సరదా పాట, కానీ ఆ సరదా వాళ్లలో వాళ్లకే ఎక్కువ ఉన్నట్టనిపించింది. రెండో సగంలో ఒకటి రెండు పాటలు గొప్పలు చెప్పుకోవడం దగ్గరే ఆగిపోతాయి. వాటిని తీసేసినా రికార్డుకు నష్టం లేదు.

ఆ తర్వాతి జీవితం తెలిసినవాళ్లకు ఈ రికార్డు మరోలా వినిపిస్తుంది. 1992లో అన్న మోటారుసైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. ఆ బండి కొనిచ్చింది తనే. దాని తాళంచెవిని ఏళ్ల తరబడి మెడలో వేసుకుంది. మరుసటి ఏడాది వచ్చిన ‘బ్లాక్ రెయిన్’ ఆల్బమ్ అతనికి అంకితం. అందులోని ‘యూనిటీ’ పాటకు 1995లో గ్రామీ వచ్చింది. వీధిలో ఆడదాన్ని అవమానించేవాణ్ని, ఇంట్లో కొట్టేవాణ్ని నిలదీసిన పాట. అదే 1993లో ‘లివింగ్ సింగిల్’ మొదలై అయిదేళ్లు నడిచింది. అంత దుఃఖంలో ఉన్న మనిషి నవ్వుతూ వారం వారం మన ముందుకు వచ్చిందని తెలిసినప్పుడు, ఆ పాత భాగాలు మళ్లీ పెట్టుకుని చూశాను. గొంతులో ఎక్కడా తడబాటు లేదు.

‘సెట్ ఇట్ ఆఫ్’ సినిమాలో బ్యాంకు దోపిడీకి దిగిన క్లియో, ‘షికాగో’లో జైలు పెత్తనం చేసే మామా మోర్టన్, రెండూ ఈ పంతొమ్మిదేళ్ల గొంతులోంచి వచ్చినవే. మామా మోర్టన్‌కు ఆస్కార్ నామినేషన్ దక్కింది. బహుమతి అదే సినిమాలో నటించిన క్యాథరిన్ జీటా జోన్స్‌కు వెళ్లింది. ఆ సినిమాలో మామా మోర్టన్‌గా ఆమె పాడిన పాటను ఈ ఎల్పీ అయ్యాక వెంటనే పెట్టి చూడండి. అదే తొందరపడనితనం, పాదం చివర అదే నిలుపు. ‘ర్యాప్ వదిలేసి నటి అయింది’ అని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. ఆమె ఏదీ వదల్లేదు. 2004లో జాజ్ పాటల ఆల్బమ్‌కు తన అసలు పేరు పెట్టుకున్నప్పుడూ, 2015లో బ్లూస్ గాయని బెస్సీ స్మిత్‌గా తెర మీదకు వచ్చినప్పుడూ వెంట తెచ్చుకున్నది ఈ గొంతే. ‘బెస్సీ’ అనే ఆ టీవీ సినిమా నిర్మాతల్లో ఒకరిగా ఆమెకు ఎమ్మీ కూడా వచ్చింది.

2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ ఆల్బమ్‌ను జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో చేర్చింది.  అదే ఏడాది లతీఫా, కళాకారులకిచ్చే కెన్నెడీ సెంటర్ గౌరవం కూడా అందుకుంది. ఆ వార్త చదివాకే రికార్డు వెతకడం మొదలుపెట్టాను.

కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. పాత ప్రతి అయితే డబ్బు కట్టే ముందు రెండు వైపుల ఫోటోలూ అడగండి, దీపం వెలుతురులో తీసినవి. ర్యాప్ అలవాటు లేనివాళ్లు మొదటి పాటతో కాకుండా ‘లేడీస్ ఫస్ట్’తో మొదలుపెట్టండి. మాటలు ముందు చదివి తర్వాత వింటే మొదటిసారే సగానికి పైగా అందుతాయి. చిటపటల సంగతి రాస్తే నాకు అమ్మినవారు ఆరు డాలర్లు వెనక్కి పంపారు. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ‘బ్లాక్ రెయిన్’ తెప్పిస్తున్నాను.