వెండి రూపాయా, రాగి పైసా, బంగారు వరహా: ఏది మేలు?

పాత నాణేల సేకరణ మొదలుపెట్టదలచిన అనంతపురం, కడప మిత్రులు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: ఉన్న కొద్దిపాటి సొమ్ముతో బ్రిటిషువారి వెండి రూపాయలు కొనాలా, టిప్పు సుల్తాను రాగి పైసలు కొనాలా, లేక కొంతకాలం కూడబెట్టి ఒక విజయనగర వరహా కొనాలా? ఇటీవల నాకే ఈ ఎంపిక ఎదురైంది. నేను రాగి పైసా కొన్నాను.

విక్టోరియా, ఏడో ఎడ్వర్డు, అయిదో జార్జి బొమ్మలున్న రూపాయిల బరువు 11.66 గ్రాములు; పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. సులభంగా దొరుకుతాయి, సంవత్సరం సులభంగా చదవవచ్చు, అమ్మదలచినప్పుడు కనీసం వెండి ధర వస్తుంది. 1940 నుంచి వచ్చిన రూపాయిలలో వెండి సగానికి తగ్గింది కనుక వాటి కోసం తొందరపడనక్కరలేదు. అయితే అరుదైన సంవత్సరాలను మినహాయిస్తే, వెండి రూపాయికి మనం చెల్లించేది చాలావరకు లోహం విలువనే.

నా దృష్టిలో నాణేనికి అసలు విలువ తెచ్చేది దాని మీది ఊరి పేరు. టిప్పు కాలంలో మన గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు. అక్కడి టంకశాలలో ముద్రించిన పైసాకు ఒకవైపు ఏనుగు, మరోవైపు పారసీ లిపిలో ఆ పేరు ఉంటాయి. గుర్రంకొండ టంకశాల పేరు జఫరాబాద్. నేను కొన్న గుత్తి పైసాపై ఏనుగు తొండం అరిగిపోయింది, అంచు ఒకవైపు పలుచబడింది. అయినా కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే ఊరి పేరు స్పష్టంగా తేలుతుంది. టిప్పు తన నాణేలపై వాడిన మౌలూదీ శకపు అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలన్న సంగతి తెలియక, 1216ను 6121గా చూసి నకిలీ అని వదిలేసినవారూ ఉన్నారు. కోట మీద నిలబడి చూసే ఊరు ఈ పైసా మీద ఉంది. ఆ అనుభూతిని ఏ రూపాయీ నాకు ఇవ్వలేదు.

రాగిలో ఒక జాగ్రత్త తప్పనిసరి. అదే దుకాణంలో చింతపండుతో తోమి తళతళలాడించిన మరో పైసాను తక్కువ ధరకే ఇస్తామన్నారు, నేను తీసుకోలేదు. రెండు శతాబ్దాలుగా పట్టిన గోధుమరంగు పొర ఒక్క తోముడుతో పోతుంది, దానితోపాటు సన్నని అక్షరాల అంచులూ పోతాయి, ఆపైన ఎవరూ వాటిని తిరిగి తేలేరు.

కృష్ణదేవరాయల వరహాపై కూర్చున్న బాలకృష్ణుడు, వెనుక నాగరి లిపిలో ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ అన్న పేరు చూడముచ్చటగా ఉంటాయి. కానీ అది 3.4 గ్రాముల చిన్న బిళ్ళ, నకిలీలు విస్తారం. నమ్మకమైన చోట రసీదుతో తప్ప కొనకూడదు. తెలుగు అక్షరాలే కావాలంటే ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు పావు వరహా విలువగల వెండి నాణెం ఉంది. దానికి ఒకవైపు గోపురం ఉంటుంది; వెనుకవైపున విష్ణుమూర్తి చుట్టూ తమిళంతోపాటు తెలుగు చదవవచ్చు.

పొలంలో దొరికిందని ఎవరైనా నాణేలు తెస్తే మాత్రం కొనకండి: 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి.