పీఎస్5 నాలుగేళ్లు, గేమింగ్ పీసీ మూడేళ్లు: రెండూ వాడినోడిగా నా మాట

పోయిన వారం మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు లంచ్ దగ్గర అడిగాడు, అన్నా బోనస్ పడింది, పీఎస్5 తీసుకోనా పీసీ కట్టించుకోనా అని. పీఎస్5 అంటే సోనీ ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి గేమ్‌లు ఆడే కన్సోల్. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న ఇద్దరు పీసీ పీసీ అని మొదలెట్టేశారు, తీరా చూస్తే అందులో ఒకడికి పీసీనే లేదు, యూట్యూబ్ చూసి మాట్లాడే బాపతు. అక్కడ చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నా. నా దగ్గర రెండూ ఉన్నాయి, పీఎస్5 2021 డిసెంబర్ నుంచి, పీసీ 2022 నవంబర్ నుంచి, రెండూ సొంత డబ్బుతో కొన్నవే, ఈఎంఐలు కూడా తీరిపోయాయి కాబట్టి దేన్నీ వెనకేసుకురావాల్సిన పని నాకు లేదు. మైక్రోసాఫ్ట్‌వాళ్ల కన్సోల్ ఎక్స్‌బాక్స్ వాడలేదు, దాని గురించి అడక్కండి.

నేను మొదట్నుంచీ పీసీ మనిషినే. ఖమ్మంలో ఇంటర్ చదివేటప్పుడు నెట్ సెంటర్‌లో గంటకి 15 రూపాయలిచ్చి జీటీఏ వైస్ సిటీ గేమ్ ఆడిన బ్యాచ్ మాది. మిషన్లు ఎవడు చేశాడు, ప్యాంజర్ అని టైప్ కొడితే ఆకాశంలోంచి ట్యాంక్ ఊడిపడేది, పోలీసులు వెంటపడితే వాళ్లని వదిలించుకోడానికి లీవ్‌మీఅలోన్ అని కొట్టడం, గంట అయిపోగానే నెట్ సెంటర్ అన్న వెనకనుంచి వచ్చి భుజం తట్టడం, అదే మా ఆట. కన్సోల్ అంటే డబ్బున్నోళ్ల పిల్లలది అని ముప్పై దాటేదాకా అదే అభిప్రాయంలో ఉన్నా.

పీఎస్5 మన దగ్గరకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, గేమ్ డిస్క్ పెట్టుకునే స్లాట్ ఉన్నది 49,990, డిస్క్ లేనిది, అంటే డిజిటల్ మోడల్, 39,990. జనవరి 12 మధ్యాహ్నం పన్నెండింటికి బుకింగ్ తెరిస్తే నిమిషాల్లో ఖాళీ. ఆ ఏడాదంతా రీస్టాక్ అన్నప్పుడల్లా నేను ల్యాప్‌టాప్‌లో, మా ఆవిడ తన ఫోన్లో, ఖమ్మంలో మా బావమరిది వాడి ఫోన్లో, ముగ్గురం మధ్యాహ్నం పన్నెండు ఎప్పుడవుతుందా అని కాపలా కాసేవాళ్లం, అయిదోసారి బావమరిది ఫోన్లో పేమెంట్ పేజీ తెరుచుకుంది. డబ్బు నాదే గానీ ఆర్డర్ వాడిది కాబట్టి అది తనది కూడా అని ఇప్పటికీ అంటుంటాడు. తర్వాత 2022 నవంబర్‌లో డిస్క్ మోడల్ 54,990 అయింది, అప్పుడు ఇంకో అయిదువేలు మిగిల్చా అని కూడా వాడే కలుపుకున్నాడు.

సరే వాడకం. మాకు ఏడేళ్ల పాప ఉంది, అది పడుకునేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, ఆఫీస్ కాల్ లేకపోతే నాకు దొరికేది గంట, ఒక్కోసారి ముప్పావుగంట. కంట్రోలర్ మీద బటన్ నొక్కితే రెస్ట్ మోడ్‌లోంచి లేచి నిన్న ఏ మెట్టు మీద నిలబడి ఆపానో సరిగ్గా ఆ మెట్టు మీదే మొదలవుతుంది. లోడింగ్ లేదు, లాగిన్ లేదు, అప్‌డేట్లు నేను నిద్రపోయినప్పుడు అదే దించుకుని ఉంటుంది. చూడ్డానికి ఇది చిన్న విషయం, కానీ నాలుగేళ్లలో నేను పూర్తి చేసిన పెద్ద గేమ్‌ల్లో ముప్పాతిక వంతు పీఎస్5లోనే చేశానంటే కారణం గ్రాఫిక్స్ కాదు ఇదే.

పీసీలో ఆ గంట ఎలా పోతుందో చెప్తా వినండి. ఆన్ చేస్తాం, సిస్టమ్ అప్‌డేట్ పావుగంట. గేమ్ తెరిస్తే దాని కంపెనీ లాంచర్ ఇంకోటి తెరుచుకుని ముందు నన్ను అప్‌డేట్ చెయ్ అంటుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేస్తే షేడర్లు, అంటే బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు, మళ్లీ కంపైల్ అవ్వాలి, ఒక పెద్ద గేమ్‌కి ఆ గీత చివరిదాకా వచ్చేసరికి నేను గిన్నెలు కూడా తోమేసి వచ్చా, అబద్ధం కాదు. తీరా లోపలికెళ్లాక సెకనుకి ఫ్రేమ్‌లు ఎనభై వస్తున్నాయి, షాడోస్ తగ్గిస్తే తొంభై వస్తాయేమో అని సెట్టింగ్స్‌లో దూరతాం, మూలన నంబర్లు పెట్టుకుని గేమ్‌ని కాకుండా నంబర్లని చూస్తాం. ఇది పీసీ తప్పు కాదు, నా రోగం, కానీ పీసీ కొన్న ప్రతివాడికీ ఈ రోగం అంటుకుంటుంది, రాసిపెట్టుకోండి.

మరి ఎందుకు కొన్నావయ్యా అంటే, ఒకటి పాత ప్రేమ, రెండోది రేట్లు దిగడం. 2021లో క్రిప్టో మైనింగ్ పిచ్చి వల్ల, అంటే గ్రాఫిక్స్ కార్డులతో డిజిటల్ నాణేలు తవ్వుకునే పిచ్చి వల్ల, గ్రాఫిక్స్ కార్డు రేటు అడిగితే తల తిరిగేది, ఎంఆర్‌పీకి డబుల్ చెప్పేవాళ్లు. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ పద్ధతి మార్చుకోవడంతో కార్డులు పెట్టి తవ్వుకునేవాళ్లకి పనిలేకుండా పోయింది, ఇక రేట్లు నేలకి దిగాయి. నవంబర్‌లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయి నాలుగు షాపులు తిరిగి కట్టించుకున్నా. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 పన్నెండు జీబీది 32 వేలు, రైజెన్ 5600 ప్రాసెసర్ 13 వేలు, మదర్‌బోర్డ్ పది వేలు, పదహారు జీబీ ర్యామ్ నాలుగున్నర, ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ ఆరున్నర, లోపలి భాగాలకి కరెంట్ అందించే ఎస్‌ఎంపీఎస్ అయిదు, క్యాబినెట్ నాలుగు, అంతా కలిపి 75 వేలు. ఇక్కడితో అయిపోయిందనుకుంటారు కదా, మానిటర్ 24 వేలు, కీబోర్డు మౌస్ మూడు, యూపీఎస్ అయిదున్నర, మొత్తం లక్షా ఏడువేల అయిదువందలు. మామూలు 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దాకానే లాగుతుంది, గేమ్ మధ్యలో కరెంట్ పోతే అది కీచుమని చేతులెత్తేస్తుంది, అందుకే 1100ది తీసుకోవాల్సొచ్చింది. ఇంట్లో మాత్రం వర్క్ కోసం అని చెప్పా. మా ఆవిడ ఆ క్యాబినెట్‌లో రంగురంగుల లైట్లు చూసి, మీ ఆఫీసులో దీపావళా అండీ అంది.

ఇంత పెట్టాక స్క్రీన్ మీద బొమ్మ పీఎస్5 కంటే ఎంత బావుందయ్యా అంటే, నిజం చెప్తున్నా, పెద్ద తేడా లేదు. 3060 బలం, పీఎస్5లో ఉన్న చిప్ బలం కాస్త అటూఇటూగా ఒకటే. పక్కపక్కన పెట్టి ఆపి చూస్తే తప్ప తెలీదు. బాక్స్ ఒక్కటే చూసుకున్నా యాభై వేల దాంట్లో వచ్చే బొమ్మకి పీసీలో 75 వేలయింది. అంతకంటే గట్టిగా కావాలంటే కార్డు ఒక్కదానికే ఇంకా ఎక్కువ పెట్టాలి. ఇక 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు చూశారుగా, ఏఐ కంపెనీలు మెమరీ అంతా ఎగరేసుకుపోతుంటే మనకి మిగిలేది ఏముంది, నేను నాలుగున్నర వేలకి కొన్నదాని రేటు ఇప్పుడు అడిగితే షాపువాడు ముందు కూర్చోమంటున్నాడు.

ఎస్‌ఎంపీఎస్ కథ చెప్పాలి. అప్పుడు షాపులో కుర్రాడు, అన్నా ఈ కంపెనీది మస్తు అమ్ముడుపోతుంది, ఇది చాలు అన్నాడు, నేనూ కార్డు మోజులో పట్టించుకోలేదు. 2024 మే, ఎండలు మండిపోతున్నాయి, ఆదివారం మధ్యాహ్నం ఆడుతుంటే టప్ మని చిన్న శబ్దం, ఫ్యాన్లు ఆగాయి, లైట్లు ఆరాయి, కాసేపటికి కాలిన వైరు వాసన. ఇక చూడండి నా అవస్థ. ముందు ప్లగ్ అనుకున్నా, తర్వాత ర్యామ్ అనుకుని తీసి రబ్బరుతో తుడిచి పెట్టా, కార్డు పీకి చూశా, రాత్రి పదకొండింటికి ఫోన్ టార్చ్ నోట్లో పెట్టుకుని స్క్రూలు విప్పుతుంటే ఒక స్క్రూ మదర్‌బోర్డు కిందికి దొర్లిపోయి దాన్ని అయస్కాంతం స్క్రూడ్రైవర్‌తో లాగడానికే అరగంట. మర్నాడు యాక్టివా ముందు కాళ్ల మధ్య క్యాబినెట్ పెట్టుకుని మియాపూర్ నుంచి సీటీసీ దాకా పోయా. వాడు వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించగానే టక్కున ఆన్ అయింది. వారంటీలో మార్చి ఇవ్వడానికి ఇరవై నాలుగు రోజులు. మిగతా సామాను బతికింది, అది నా అదృష్టం. కాబట్టి ఎక్కడైనా బేరమాడండి గానీ ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం వద్దు, ఇంకో మూడువేలు ఎక్కువైనా మంచిది కొనండి.

పీఎస్5కి నాలుగేళ్లలో ఒకే ఒక్క ఇబ్బంది, అది కూడా నా వల్లే. దాన్ని టీవీ యూనిట్ లోపలి అరలో గ్లాసు తలుపు వెనక పెట్టా, అందంగా ఉంటుందని. ఒక రాత్రి ఫ్యాన్ హోరుమంటోంది, వేడెక్కిందని స్క్రీన్ మీద మెసేజ్. బయటికి లాగితే వెనక దుమ్ము పరుపులా ఉంది, ఆ వెచ్చదనానికి అర మూలన బల్లి రెండు గుడ్లు పెట్టి ఉంది! పాప వాటిని కదపొద్దని ఏడుపు, చివరికి పేపర్ మీద ఎత్తి బాల్కనీలో కుండీ వెనక పెట్టాం. తర్వాత పక్క పలకలు తీసి, వాటికి స్క్రూలు కూడా ఉండవు, లాగితే వచ్చేస్తాయి, దుమ్ము చేరే రంధ్రాలు రెండుంటాయి, అక్కడ వాక్యూమ్ పెట్టి లాగేశా. అప్పట్నుంచి ఆరునెలలకోసారి చేస్తున్నా, యూనిట్ పైన గాలి తగిలేలా పెట్టా, మళ్లీ చప్పుడు లేదు.

అయితే కన్సోల్‌కి అసలు శత్రువు వేడి కాదు, టీవీ. మా అమ్మ ఊరినుంచి వచ్చిందంటే ఏడు నుంచి పది దాకా సీరియళ్లు, ఆ నెలంతా పీఎస్5 మీద దుప్పటి కప్పినట్టే. అప్పుడు పీసీనే దిక్కు, లోపలి గదిలో తలుపేసుకుని హెడ్‌సెట్ పెట్టుకుంటే నా లోకం నాది. వేసవిలో ఆ చిన్న గదిలో ఏసీ లేకుండా రెండు గంటలు ఆడితే మాత్రం ఉడికిపోతాం, పీసీ ఊదే గాలి అంతా మన కాళ్ల మీదకే. కరెంట్ కూడా స్మార్ట్ ప్లగ్ పెట్టి చూశా, పీఎస్5 ఆడేటప్పుడు రెండొందల వాట్లు, పీసీ మానిటర్‌తో కలిపి మూడొందలు, అంటే రోజుకి రెండు గంటల లెక్కన నెలకి పన్నెండు యూనిట్లు, పద్దెనిమిది యూనిట్లు. పీఎస్5కి టీవీ కూడా కలుపుకుంటే రెండూ దాదాపు ఒకటే, ఆ తేడా చూసి ఎవరూ నిర్ణయం తీసుకోకండి.

గేమ్‌ల ఖర్చు దగ్గర అందరూ పీసీ చవక అంటారు, సగమే నిజం. పీఎస్5 పెద్ద గేమ్ డిస్క్ 4,999 అనగానే గుండె ఆగుతుంది నిజమే, కానీ గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ ఆ రేటుకే కొని అయిదు వారాల్లో అయిపోగొట్టి వాట్సాప్ గ్రూపులో పెడితే 3,200కి పోయింది. కూకట్‌పల్లి మెట్రో కింద కలిశాం, ఆ అబ్బాయి డిస్క్ తీసి ఫోన్ లైట్ కింద అటూ ఇటూ వంచి గీతలున్నాయేమో చూసుకుని, బండి మీదే కూర్చుని యూపీఐ కొట్టాడు. అంటే నాకు పడింది 1,800. అదే గేమ్ పీసీకి దాదాపు రెండేళ్ల తర్వాత, 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. అందుకే చెప్తున్నా, కన్సోల్ కొంటే డిస్క్ ఉన్నదే కొనండి, అప్పట్లో పదివేలు మిగులుతాయని డిజిటల్ తీసుకున్నోళ్లు, ఆడేశాక అమ్ముకోడానికి డిస్క్ లేక నాలుగు గేమ్‌ల్లోనే ఆ పదివేలు పోగొట్టుకున్నారు. ఇంకోటి, ఆన్‌లైన్‌లో ఫ్రెండ్స్‌తో ఆడాలంటే చాలా గేమ్‌లకి పీఎస్ ప్లస్ అనే సబ్‌స్క్రిప్షన్ కట్టాలి, ఏడాదికి 2,999 ఉన్న దాని ఎసెన్షియల్ ప్లాన్ 2023 సెప్టెంబర్‌లో 3,949 అయింది. పీసీలో ఆ కట్నం లేదు.

పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్ సంగతి వేరు. సేల్‌లో మూడువేల గేమ్ ఆరేడొందలకి దొరుకుతుంది, నచ్చకపోతే, రెండు గంటల్లోపే ఆడి ఉండి కొన్న పద్నాలుగు రోజుల్లోపు అడిగితే డబ్బు వాపస్. అలాంటిదే ఇంకో కొట్టు ఎపిక్‌లో అయితే వారం వారం ఫ్రీ గేమ్, 2020 మేలో జీటీఏ 5నే ఊరికే ఇచ్చారు. దాని ఫలితం ఏంటంటే నా లైబ్రరీలో రెండొందల పైచిలుకు గేమ్‌లున్నాయి, ముట్టుకున్నవి నలభై కూడా ఉండవు. చవకగా కొన్నా అనుకుంటాం, ఆడనిది ఎంతకి కొంటే ఏంటి.

కానీ కౌంటర్ స్ట్రైక్, వాలరాంట్ లాంటి తుపాకీ గేమ్‌లు మౌస్‌తో ఆడిన చెయ్యి కంట్రోలర్‌తో గురిపెట్టమంటే చెంచాతో ఆవకాయ అన్నం తిన్నట్టుంటుంది. అట్లాగే పీసీలో చావనివ్వరు దేన్నీ. క్రికెట్ 07 ఉందా, ఎప్పటి గేమ్ అది, ఇప్పటికీ ఎవరో పుణ్యాత్ములు కొత్త ఐపీఎల్ జెర్సీలు, ఆటగాళ్లు, స్టేడియాలు కూర్చి ప్యాచ్‌లు వదులుతూనే ఉన్నారు. సంక్రాంతికి బావమరిది వస్తే ఒకే కీబోర్డు మీద ఇద్దరం గుద్దుకుంటూ ఆడతాం, లక్షాఏడువేల మెషిన్ మీద పాత సీడీ గేమ్. పీఎస్5లో ఇలాంటివి జరగవు, కంపెనీ ఏది పెడితే అదే.

పాప మాత్రం పీఎస్5 పక్షం. దాంతోపాటు ఊరికే వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్ ఉంది కదా, అందులో వాన పడుతుంటే ఆ చినుకులు కంట్రోలర్‌లోంచి చేతులకి టిక్కు టిక్కుమని తెలుస్తాయి, ఇసుక మీద నడిస్తే ఒక రకం, గాజు మీద నడిస్తే ఇంకో రకం. మొదటిసారి పాప కంట్రోలర్ తిప్పి అడుగున చూసింది, నీళ్లు ఉన్నాయా నాన్నా అని. మా అమ్మ కూడా సీరియల్ బ్రేక్‌లో రెండు చేతులతో పట్టుకుని, ఒరేయ్ ఇదేంట్రా నిజంగానే చినుకుల్లా ఉన్నాయి అంది.

ఆ కుర్రాడికి సాయంత్రం మెసేజ్ పెట్టా. రోజుకి ఎంతసేపు దొరుకుతుంది, హాస్టలా రూమా, టీవీ ఎవరిది అని మూడే అడిగా. ఎస్సార్ నగర్ హాస్టల్‌లో ఉంటాడట, టీవీ లేదట, రాత్రి రెండింటిదాకా ఖాళీ అట, ఫ్రెండ్సంతా వాలరాంట్ అట. నువ్వు పీసీనే తీసుకో నాన్నా, ఎస్‌ఎంపీఎస్ మంచిది వేయించుకో అని చెప్పా. నాలాగ పెళ్లై పిల్లలుండి గంట దొరికితే గొప్ప అనుకునేవాడు అడిగితే మాత్రం ఇంకో మాట లేకుండా డిస్క్ ఉన్న పీఎస్5 అంటా. నాదాంట్లో ఏదో ఒకటి అమ్మాల్సొస్తే పీసీ అమ్మేస్తా, అమ్మిన వారానికే ఏడుస్తా, అది కూడా తెలుసు.

ఇప్పటికి మాత్రం అమ్మే ఉద్దేశం లేదు. జీటీఏ 6 2026 నవంబర్ 19న అని ప్రకటించారు, పీఎస్5కీ ఎక్స్‌బాక్స్ సిరీస్‌కీ మాత్రమే, పీసీ ఊసే లేదు, జీటీఏ 5 అప్పుడు కూడా పీసీకి ఏడాదిన్నర పైనే పట్టింది. మళ్లీ వైస్ సిటీకే వెళ్తున్నాం కదా అని బావమరిది ఇప్పట్నుంచే ఫోన్లు. బావా, ఆ వారం నేను లీవ్ పెడుతున్నా, ఆర్డర్ నాది కాబట్టి ఫస్ట్ కంట్రోలర్ నాకే అంటున్నాడు. రారా, మీ అత్తయ్య సీరియల్ అయ్యాక చూద్దాం అన్నా.